బ్రేకు గట్టిగైతే బండి తియ్యకండి

ఈ వారం వడ్ల తేమ గురించి రాస్తానని చెప్పిన. అది తర్వాత రాస్త. ఇవాళ బండి బ్రేకు గురించి రాస్తున్న. ఎందుకంటే పోయిన మంగళవారం నా కారు ఒక ముసలవ్వకు మూరెడు దూరంలో ఆగింది. ఆగింది అని రాస్తున్న గానీ, నేను ఆపిన అని రాయడానికి చెయ్యి వస్తలేదు.

ఇప్పుడు మన ఊళ్లల్ల సెకండ్ హ్యాండ్ కారు లేని వాడకట్టు లేదు. నాదీ అట్లాంటిదే, పాత డీజిల్ బండి. ఆరేండ్ల కింద కొన్న. విత్తనాల బస్తాలు, మందు డబ్బాలు, మోటరు కాలిపోతే వైండింగ్‌కు తీసుకపోవుడు, బాపును దవాఖానకు తీసుకపోవుడు, అన్నీ దాంట్లనే. ట్రాక్టరుకు టైముకు ఆయిల్ మారుస్త. బావి మోటరుకు సీజను మొదలు కాకముందే గ్లాండు చూస్త, ఫుట్‌వాల్వు చూస్త. కారును మాత్రం స్టార్ట్ అయితే చాలు అన్నట్టు వాడిన. తప్పు అక్కడ్నే మొదలైంది.

ఉగాది దాటినంక కొన్ని రోజులకు బ్రేకు పెడల్ గట్టిగా అనిపించింది. ముందు మెత్తగా దిగేది, ఇప్పుడు గోడను తొక్కినట్టుంది. బండి ఆగుతుంది, కానీ కాలు బలం అంతా పెట్టాలె. పక్కన కూర్చున్న మా ఇంటామె, "ఏందయ్యా, బ్రేకు తొక్కుతున్నవా, మడిల దిగబడ్డ కాలు గుంజుతున్నవా" అన్నది. నవ్వి ఊకున్న. కోతల టైము. హార్వెస్టర్ ఎప్పుడు వస్తదో, వాన ఎప్పుడు పడుతదో తెల్వదు. బ్రేకు గట్టిగైతే ఏమైతది, లూజైతే కదా భయం అనుకున్న. చాలామంది ఇట్లనే అనుకుంటరు. లూజు బ్రేకుకు భయపడుతరు, గట్టి బ్రేకును మంచి బ్రేకు అనుకుంటరు.

ఒకరోజు టౌనుకు పోయినప్పుడు ఒక షాపుల చూపిచ్చిన. ముందు చక్రాల ప్యాడ్లు అరిగినయ్ అన్నరు. చూస్తే నిజంగనే అరిగినయ్. పందొమ్మిది వందలు పెట్టి కొత్తయి వేయించిన. బయటికి వచ్చి బ్రేకు తొక్కితే మళ్లీ గోడే. తిరిగిపోయి అడిగితే, బూస్టర్ పోయి ఉంటది, మాస్టర్ సిలిండర్‌తో కలిపి మార్చాలె, తొమ్మిది వేలు అయితయి అన్నరు. వడ్ల పైసలు ఇంకా పడలేదు. సరే, తర్వాత చూద్దాం అని వచ్చిన.

ఇంటికి వచ్చి బానెట్ లేపి నేనే చూసిన. మోటరు పనులు అన్నీ సొంతంగా చేసుకునేటోణ్ని, కారుదెంత అనుకున్న. డైనమో వెనక నుంచి బూస్టర్‌కు పోయే నల్ల పైపు ఉంది. పైనుంచి చూస్తే బాగనే ఉంది. కింది పక్క వేలు పెట్టి రాస్తే గరుకు తగిలింది. టార్చి పట్టి చూస్తే పండ్ల గాట్లు. ఎలుక కొరికింది. కారు పెట్టే కొట్టంలనే విత్తనపు వడ్లు పెడతం. వడ్లు తిన్న ఎలుక రాత్రి ఇంజిన్ వెచ్చదనానికి ఎక్కి పండ్లు నూరుకుంది. పైపుకు చిన్న బొక్క, పప్పు గింజంత.

అప్పుడు చాలా గర్వపడ్డ. తొమ్మిది వేల రోగాన్ని నేను పట్టిన అనుకున్న. కొట్టంల మెత్తటి రబ్బరు పైపు ముక్క ఒకటి పడి ఉంది. సైజు సరిపోయింది. కోసి, రెండు దిక్కుల క్లిప్పు బిగించి, స్టార్ట్ చేసి తొక్కిన. పెడల్ వెన్నలెక్క దిగింది. బాపును పిలిచి చూపిచ్చిన. "నీకు తెల్వని పని లేదురా" అన్నడు. నాలుగు రోజులు బండి బాగనే నడిచింది. ఊళ్లె, పొలం కాడికి, కొనుగోలు కేంద్రం కాడికి. ఏ రోజు కూడా నాలుగు కిలోమీటర్లు దాటలేదు, ఇంజిన్ సరిగ్గా వేడెక్కను కూడా లేదు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

మంగళవారం బాపు కన్ను చూపియ్యడానికి కరీంనగర్ పోయినం. తిరిగి వచ్చేటప్పుడు మిట్టమధ్యాహ్నం, ఎండ నెత్తి పగులుతుంది. జగిత్యాల రోడ్డు నుంచి మా ఊరి తోవకు తిరిగినంక కాలువ వంతెన వస్తది. వంతెన ఎత్తు మీద ఉంటది, దిగంగనే పల్లం. పల్లంల రోడ్డుకు సగం మేర వడ్లు పోసి ఉన్నయ్. ఈ రోజుల్ల ఎక్కడ చూసినా గదే కదా. వడ్ల అంచుకు రాళ్లు పెట్టిన్రు. అవతలి నుంచి ఒక ట్రాక్టరు వస్తుంది.

వంతెన మీద ఒకసారి బ్రేకు కొట్టిన. పట్టింది. దిగుతూ మళ్లీ కొట్టిన. సగం పట్టింది. మూడోసారి తొక్కితే పెడల్ కదలలేదు. కింద రాయి పెట్టినట్టు ఆగిపోయింది. అప్పుడే చూసిన, వడ్ల నడుమ ఒక ముసలవ్వ వంగి కాళ్లతో వడ్లు తిరగేస్తుంది. నెత్తి మీద కొంగు కప్పుకుంది, వీపు నా దిక్కు.

రెండు కాళ్లూ పెడల్ మీద వేసిన. సీటుకు వీపు ఆనించి తన్నిన. మూడో గేరు నుంచి రెండోదానికి గుంజిన. హ్యాండ్ బ్రేకు లేపిన. ట్రాక్టరు దిక్కు పోలేను, అవ్వ దిక్కు పోలేను. నడుమ ఉన్న రాళ్ల మీదికి ఎక్కించిన. వడ్ల మీద చక్రం పట్టదు, గింజలు బేరింగు గుండ్ల లెక్క జారుతయి. రాయి బంపర్ కింద ఇరుక్కుంది, బండి ఊగి ఆగింది. బాపు నుదురు ముందు డాష్‌బోర్డుకు తగిలి బుడిప కట్టింది. అవ్వ తిరిగి చూసింది. ఆమెకూ బంపర్‌కూ నడుమ నా చెయ్యి పట్టేంత జాగా ఉంది, అంతే.

ఆమె నన్ను తిట్టలేదు. "కొడుకా, వడ్లు తొక్కిచ్చినవ్ గదా" అన్నది. అంతే అన్నది. చెప్పులు ఇప్పి దిగి, బాపు నేను ఇద్దరం చక్రాల కింద చెదిరిన వడ్లు చేతులతో దగ్గరికి చేసినం. నా చేతులు వణుకుతున్నయ్. పోయిన యాసంగికి అదే తోవల, ఇంకో అర కిలోమీటరు ముందర, నా వడ్లు పోసిన. అక్కడ మా అవ్వ కూడా ఇట్లనే కాళ్లతో తిరగేసింది. మా అవ్వకూ ఆ అవ్వకూ తేడా ఏంది? ఆ రోజు వచ్చిన బండ్ల బ్రేకులు పనిచేసినయ్, అంతే తేడా.

బండిని అక్కడ్నే పక్కకు పెట్టి మామకు ఫోన్ చేసిన. మేనమామ వరుస అయితడు, ముప్పై ఏండ్లు లారీలు, జీపులు బాగుచేసిన మనిషి. మోటరు సైకిల్ మీద వచ్చిండు. నేను కథంతా చెప్పి, "నిన్నటిదాకా మంచిగుంది మామా" అన్న. ఆయన పెడల్ తొక్కి చూసిండు. అప్పటికి అరగంట అయింది, బండి కొంచెం చల్లారింది. పెడల్ మెత్తగా దిగింది. "చూసినవా, ఇప్పుడు బాగుంది" అన్న. మామ మాట్లాడలేదు. బానెట్ లేపి, ఇంజిన్‌ను పదిహేను నిమిషాలు నడవనిచ్చిండు. తర్వాత నన్ను లోపల కూర్చోబెట్టి, "తొక్కు, ఇడువు, తొక్కు, ఇడువు" అన్నడు. మూడోసారికి గోడ. "రా, వచ్చి చూడు" అన్నడు.

నేను వేసిన పైపు నడుమల చప్పగా అతుక్కపోయి ఉంది. పిల్లలు జ్యూస్ డబ్బా పైపును అడ్డం మూసి పీలిస్తే ఎట్ల నొక్కుకపోతదో అట్ల. మామ ఒక్కటే అడిగిండు. "అల్లుడా, బావిల మోటరుకు సక్షన్ దిక్కు చుట్టలు చుట్టే మెత్త పైపు వేస్తవా?"

నాకు సిగ్గనిపించింది. వేయను. ఏ రైతూ వేయడు. మెత్త పైపు డెలివరీకి. నీళ్లు లోపలి నుంచి తోస్తే అది ఉబ్బి నిలబడుతది. సక్షన్‌కు గట్టి పైపు కావాలె. మెత్తది పెడితే పీల్చంగనే అతుక్కపోయి నీళ్లు రావు. ముప్పై ఏండ్ల సంది మోటర్లు పెడుతున్న, ఈ సంగతి నాకు తెలుసు. కారు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఇంట్ల పెట్టి వచ్చిన.

ఇక అసలు సంగతి. మామ ఆ రోజు రోడ్డు పక్కన తుమ్మ చెట్టు కింద కూర్చొని చెప్పింది, తర్వాత నేను సరిచూసుకున్నది కలిపి రాస్తున్న.

మన కాలు బలంతోనే కారు ఆగదు. పెడల్ వెనక, ఇంజిన్ దిక్కు గోడకు, నల్లటి గుండ్రటి డబ్బా ఒకటి ఉంటది. పెద్ద తాంబాళం లెక్క ఉంటది. దాన్నే బూస్టర్ అంటరు. దాని ముందు బ్రేకు ఆయిల్ డబ్బా, మాస్టర్ సిలిండర్ ఉంటయి. బూస్టర్ లోపల నడుమ ఒక రబ్బరు తెర ఉంటది. బండి నడిచేటప్పుడు ఆ డబ్బాల ఉన్న గాలిని ఇంజిన్ దిక్కు పీల్చేస్తరు. తెరకు రెండు దిక్కులా గాలి పలచబడి ఉంటది. మనం పెడల్ తొక్కంగనే వెనక దిక్కు చిన్న దారి తెరుచుకొని బయటి గాలి లోపలికి వస్తది. ముందు దిక్కు గాలి లేదు, వెనక దిక్కు గాలి ఉంది. ఆ గాలి తెరను ముందుకు నెడుతది. మన కాలుకు అది తోడు.

ఆ తోడు ఎంతనో లెక్క వేద్దాం. గాలి చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో బరువుతో నొక్కుతది. తొమ్మిది అంగుళాల బూస్టర్ తెర దాదాపు 410 చదరపు సెంటీమీటర్లు. లోపల 70 శాతం గాలి తీసేసినా, సుమారు 280 కిలోల తోపు వస్తది. అంటే నలభై కిలోల వడ్ల బస్తాలు ఏడు. ఆ పైపు పనిచెయ్యకపోతే ఏడు బస్తాల బరువు మాయమైతది. మిగిలేది మన ఒక్క కాలు. అందుకే గోడను తొక్కినట్టుంటది. బ్రేకు పూర్తిగా పోలేదు, తోడు పోయింది. కానీ పల్లంల, అవ్వ ముందర, రెండింటికీ తేడా ఉండదు.

మన బావి మోటరు కథ కూడా ఇదే గాలి. మోటరు నీళ్లను గుంజుతది అనుకుంటం గానీ, మోటరు పైపుల గాలిని పలచన చేస్తది, బావిల నీళ్లను బయటి గాలి పైకి నెడుతది. ఆ గాలి నెట్టగలిగేది లెక్క ప్రకారం పది మీటర్లు, పనిలో ఏడెనిమిది మీటర్లు. అందుకే నీళ్లు కిందికి పోయినకొద్దీ మోటరును కిందికి దించుతం. బావిల నీళ్లను పైకి ఎక్కించే గాలే కారును ఆపుతుంది. సక్షన్ పైపుకు బొక్క పడితే నీళ్లు ఎట్ల రావో, బూస్టర్ పైపుకు బొక్క పడితే బ్రేకుకు తోడు అట్ల రాదు.

ఆ గాలిని పీల్చేది ఎవరు? పెట్రోలు బండిల ఇంజిన్ గాలి పీల్చుకునే దారిలనే ఆ శక్తి దొరుకుతది, అక్కడి నుంచే పైపు వస్తది. డీజిల్ ఇంజిన్‌ల ఆ దారిల అంత పీల్పు ఉండదు. అందుకే దానికి వేరే వాక్యూమ్ పంపు పెడతరు. నా బండిలెక్క పాతవాటిల అది డైనమో వెనకాల ఉంటది, కొన్నిట్ల ఇంజిన్ తలకాయ పక్కన ఉంటది. పైపు మీద, బూస్టర్ మూతి దగ్గర, ఒక చిన్న వాల్వు ఉంటది. గాలిని ఒక్క దిక్కుకే పోనిస్తది, తిరిగి రానియ్యదు. మన ఫుట్‌వాల్వు ఎట్లనో ఇది అట్ల. ఫుట్‌వాల్వు పాడైతే మోటరు బందు పెట్టంగనే పైపుల నీళ్లు దిగిపోయినట్టు, ఈ వాల్వు పాడైతే ఇంజిన్ బందు కాంగనే బూస్టర్‌ల తోడు దిగిపోతది.

ఇప్పుడు మీ బండిని మీరే చూసుకునే పద్ధతి. చదును జాగల పెట్టండి. గేరు న్యూట్రల్‌ల ఉండాలె, హ్యాండ్ బ్రేకు వేసి చక్రాలకు రాళ్లు పెట్టండి. బానెట్ కింద చెయ్యి పెట్టేటప్పుడు మెడల తువ్వాల తీసెయ్యండి, బెల్టుల పడితే మనిషిని గుంజుతది.

మొదటి పరీక్ష. ఇంజిన్ బందు పెట్టి పెడల్‌ను ఐదారు సార్లు తొక్కండి. గట్టిపడుతది. అట్లనే తొక్కి పట్టుకొని ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి. స్టార్ట్ కాంగనే పెడల్ కాలు కింద కొంచెం దానంతట అదే దిగాలె. దిగిందంటే తోడు వస్తున్నట్టు. కదలకపోతే పంపు, పైపు, వాల్వు, బూస్టర్, ఈ నాలుగిట్ల ఏదో ఒకటి పాడైనట్టు.

రెండో పరీక్ష. ఇంజిన్‌ను రెండు నిమిషాలు నడిపి బందు పెట్టండి. ఒక నిమిషం ఆగి పెడల్ మెల్లగ తొక్కండి. మొదటిసారి బాగా దిగాలె, తర్వాత తొక్కినకొద్దీ పైకి వచ్చి గట్టిపడాలె. మొదటిసారే గట్టిగుంటే లోపల దాచుకున్న తోడు కారిపోయినట్టు. ఆ చిన్న వాల్వునో, ఎక్కడన్న గాలి లీకునో అనుమానించాలె.

మూడో పరీక్ష. ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కి పట్టుకోండి. అట్లనే ఇంజిన్ బందు పెట్టి అర నిమిషం కాలు కదపకండి. పెడల్ ఉన్నకాడ్నే ఉండాలె. కాలును పైకి నెట్టుకుంటూ వస్తే బూస్టర్‌లనో, వాల్వులనో లీకు ఉన్నట్టు. పెడల్ దగ్గర చెవి పెట్టితే తొక్కి పట్టినంతసేపు సుయ్‌మని ఆగకుండ శబ్దం వస్తే లోపలి రబ్బరు తెర చినిగి ఉండొచ్చు. తొక్కంగనే ఒక్కసారి చిన్నగ గాలి శబ్దం వచ్చి ఆగితే భయం లేదు.

నాలుగోది పైపు. పైన చూసి ఊకోకండి, కింది పక్క వేలు పెట్టి మొత్తం రాయండి. మడతల కాడ వంచి చూడండి, పగుళ్లు కనబడుతయి. ఇంజిన్ బందు పెట్టి బూస్టర్ మూతి నుంచి వాల్వును మెల్లగ గుంజితే పుస్‌మని గాలి శబ్దం రావాలె, అంటే లోపల తోడు నిలిచే ఉంది. వాల్వును చేతిల పట్టుకొని బూస్టర్ దిక్కు నుంచి ఊదితే గాలి పోవాలె, ఇంజిన్ దిక్కు నుంచి ఊదితే పోవద్దు. రెండు దిక్కులా పోయినా, రెండు దిక్కులా పోకున్నా అది పాడైనట్టే. ఇంజిన్ నడిచేటప్పుడు పైపు కొసకు బొటనవేలు పెడితే గట్టిగ గుంజాలె. గుంజకపోతే పంపు చూడాలె.

అన్నిటికన్న ముఖ్యమైనది ఒకటి ఉంది. ఈ పరీక్షలు చల్లటి ఇంజిన్ మీదనే చేసి బాగుందని అనుకోకండి. నేను కొట్టంల చేసిన తప్పు అదే. రబ్బరు చల్లగున్నప్పుడు నిలబడుతది, వేడికి మెత్తబడి అతుక్కపోతది. బండిని బాగా వేడెక్కనిచ్చి మళ్లీ చూడండి. తొక్కి, ఇడిసి, వెంటవెంటనే మూడు నాలుగు సార్లు చూడండి.

ఈ నాలుగు బాగుండి కూడా గట్టిగుంటే అప్పుడు చక్రాల దిక్కు పోవాలె. క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి ఇరుక్కోవచ్చు. చక్రం దగ్గరి రబ్బరు గొట్టం లోపల ఉబ్బి మూసుకోవచ్చు. పెడల్ ఇరుసు దగ్గర ఎండిపోయి ఉండొచ్చు. ప్యాడ్లు కాలి గాజులెక్క నున్నగ అయితే కూడా బలంగ తొక్కాల్సి వస్తది. అదే పెడల్ మెత్తగ, స్పాంజిలెక్క ఉంటే ఆయిల్‌ల గాలి చేరినట్టు. తొక్కి పట్టినప్పుడు మెల్లగ కిందికి దిగిపోతుంటే ఆయిల్ బయటికి కారుతుండొచ్చు, లేకుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయి ఉండొచ్చు. అవి వేరే రోగాలు. ఏదైనా సరే, బ్రేకు ఆయిల్ డబ్బాల ఇంజిన్ ఆయిల్ గానీ, ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిల్ గానీ పొయ్యకండి. లోపలి రబ్బర్లన్నీ ఉబ్బి మొత్తం పాడైతది. డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉంటే అదే పొయ్యాలె.

నా బండికి చివరికి అయిన ఖర్చు చెప్త. బ్రేకు వాక్యూమ్‌కే వాడే దారపు అల్లిక ఉన్న గట్టి పైపు, మూడు వందల యాభై. కొత్త వాల్వు రెండు వందల ఎనభై. రెండు క్లిప్పులు నలభై. మొత్తం ఆరు వందల డెబ్బై. బూస్టర్ బాగనే ఉంది, మాస్టర్ సిలిండర్ బాగనే ఉంది. మామ పైసలు తీసుకోలేదు, మా ఇంట్ల నాటుకోడి కూర తిని పోయిండు. పోయేటప్పుడు, "ఎలుక కొరికింది చిన్న బొక్క. నువ్వు పెట్టింది పెద్ద బొక్క" అన్నడు. నిజమే. ఎలుక కొరికినప్పుడు పెడల్ మొదటి నుంచీ గట్టిగుండె, జాగ్రత్తగ నడిపేటోణ్ని. నా పైపు బాగుందని నమ్మించి, పల్లంల మోసం చేసింది. రోగం తెలిసినంక సగం మందు వేస్తే, మందు వెయ్యనిదానికన్న చెడ్డదైతది. పురుగు మందుల కాడ మనకు ఇది బాగా తెలుసు.

ఇంకో మాట. మా బాపు కాలం నుంచి ఒక అలవాటు ఉంది, పల్లం రాంగనే డీజిల్ మిగులుతదని ఇంజిన్ బందు పెట్టి బండిని వదిలిపెట్టుడు. దయచేసి చెయ్యకండి. ఇంజిన్ ఆగితే వాక్యూమ్ పంపు ఆగుతది. డబ్బాల దాచుకున్న తోడు రెండు మూడు సార్లు తొక్కేసరికి అయిపోతది. పవర్ స్టీరింగ్ ఉన్న బండైతే అది కూడా బిగుసుకుంటది. బాపుకు ఈ సంగతి చెప్తే, నుదుటి మీద బుడిప తడుముకొని, "ఇగ చెయ్యం తియ్" అన్నడు.

ఒకవేళ నడుస్తుండగా పెడల్ గట్టిపడితే, కాలు తియ్యకండి, మళ్లీ మళ్లీ కొట్టకండి. కొట్టినకొద్దీ ఉన్న కొంచెం తోడు కూడా పోతది. ఒకే బిగువుల, రెండు కాళ్లతోనైనా, నొక్కి పట్టండి. గేర్లు ఒక్కొక్కటి తగ్గించండి. హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కి పట్టుకొని మెల్లగ లేపండి, ఒక్కసారి గుంజితే వెనక చక్రాలు జారుతయి. తాళం మాత్రం తియ్యకండి, స్టీరింగ్ లాక్ పడుతది.

కొట్టంల ఎలుకలకు బోను పెట్టిన. విత్తనపు వడ్లు చెక్కల మీద, గోడకు దూరంగ పెట్టిన. కారును బయట, చింతచెట్టు కింద పెడుతున్న. వారానికోసారి బానెట్ లేపి పైపు కింద వేలు పెట్టి చూస్తున్న. అర నిమిషం పని.

మొన్న ఆదివారం ఆ అవ్వ దగ్గరికి పోయిన. ఆ వంతెన కాడ్నే ఉంది. వడ్లు ఇంకా కాంటా కాలేదు, తేమ 17 శాతానికి దిగలేదట. బస్తాడు వడ్లు తీసుకపోయిన, ఆ రోజు నా చక్రాల కింద నలిగినదానికి. వద్దన్నది. బలవంతంగ దించిన. "నాకు బిడ్డ లేదు, కొడుకు దుబాయిల ఉన్నడు. వడ్లు ఎక్కడ పోయాలె బిడ్డా, ఇంటి ముందట జాగ లేదు" అన్నది. నా దగ్గర జవాబు లేదు. మా బావి కాడ కోసిన మడి ఖాళీగ ఉంది, రెండు టార్పాలిన్లు ఉన్నయ్. నా వడ్లు ఇక రోడ్డు మీద పొయ్యనని అక్కడ్నే అనుకున్న. ఆమె వడ్లు కూడా ట్రాక్టరుల వేసుకొచ్చి మా మడిల పోసినం. మూడు రోజుల ఎండకు ఆరినయ్.

రోడ్ల మీద వడ్లు పోసేది మనమే. ఆ రోడ్ల మీద పాత బండ్లు నడిపేది కూడా మనమే. ఇవాళ పొద్దుమీకి బండిని పక్కకు పెట్టేముందు, ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడే, మొదటి పరీక్ష ఒక్కటన్నా చెయ్యండి. పెడల్ కాలు కింద దిగకపోతే రేపు పొద్దుగాల బండి తియ్యకండి. బస్సుల పోండి.